బూడిద చరిత్ర: ఆనకట్ట గోడ నుంచి వాడ స్లాబు దాకా

పొయ్యి దగ్గర ఉంటే దాన్ని బూడిద అంటారు. గుళ్లో పళ్లెంలో పెట్టి నుదుటికి రాస్తే విభూతి అంటారు. పదార్థం ఒకటే. ఉన్న చోటు మారితే పేరు మారుతుంది, పేరుతోబాటు దాన్ని ముట్టుకునే చెయ్యి కూడా మారుతుంది. థర్మల్ కేంద్రంలో బొగ్గు కాలగా పొగతోబాటు పైకి లేచే సన్నటి బూడిదకు కూడా ఇదే జరిగింది. గొట్టంలోంచి వచ్చి పక్క ఊరి మీద పడ్డన్నాళ్లు అది దుమ్ము. నీళ్లతో కలిపి గుంటల్లోకి తోలితే వ్యర్థం. సిమెంటు కంపెనీ ట్యాంకరెక్కిన నాటి నుంచి అది ముడిసరుకు. ఇవాళ మన ఊళ్లలో ఇల్లు కట్టుకునేవాళ్లు కొనే బస్తాల్లో చాలా వాటిమీద ‘పి.పి.సి.’ అని మూడక్షరాలుంటాయి. పోర్ట్‌లాండ్ పొజోలానా సిమెంట్ అని అర్థం. ఆ బస్తాలో సిమెంటు ఒక్కటే లేదు, బూడిద కూడా ఉంది.

సిమెంటులో కొంత భాగం తీసేసి దాని స్థానంలో ఫ్లై యాష్ వాడే పద్ధతి చరిత్రను ఈ వ్యాసంలో చెప్పదలిచాం. మేము ఇంజనీర్లం కాదు. అయితే ఈ చరిత్ర ఇప్పటిదాకా ఇంజనీర్లే రాశారు కాబట్టి అందులో ఆనకట్టల ఎత్తులున్నాయి, శాతాలున్నాయి, మనుషులు లేరు. బూడిద కాంక్రీటు చెడ్డదని మేము అనడం లేదు. అది మంచి కాంక్రీటు. ఆ మంచితనానికి రెండు షరతులున్నాయి: నీళ్లు, సమయం. ఆ రెండూ వాడకు దొరకనివి. బూడిద పడేటప్పుడు మొదట మన మీద పడింది. దానికి విలువ వచ్చాక ఆ విలువ మన దాకా రాలేదు. ఇదెలా జరిగిందో వరసగా చూద్దాం.

కాల్చిన మట్టి తెలివి

పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో 1824లో పేటెంటు తీసుకున్నారు. అంతకుముందు వేల ఏళ్లుగా మనుషులు కట్టినవన్నీ సున్నంతోనో మట్టితోనో కట్టారు. ఒట్టి సున్నానికి ఒక లోపం ఉంది. అది గాలి తగిలితే గట్టిపడుతుంది, నీళ్లలో గట్టిపడదు. చెరువు తూముకీ బావి వరకీ అది చాలదు. దీనికి పనివాళ్లు కనిపెట్టిన ఉపాయం కాల్చిన మట్టి. ఇటుకల్ని మెత్తగా దంచి ఆ పొడిని సున్నంలో కలిపి గానుగలో నూరితే, ఆ మాలు నీళ్లలో కూడా రాయిలా బిగుస్తుంది. ఆ ఇటుక పొడినే సుర్కీ అన్నారు. మట్టి పిసికిందెవరు, ఆవం కాల్చిందెవరు, ఇటుకలు దంచి జల్లెడ పట్టిందెవరు, గానుగ చుట్టూ ఎద్దుల్ని తిప్పిందెవరు? మనదేశంలో ఈ పనులకు ఒక్కోదానికి ఒక్కో కులం పేరుంది. దంచడం, మోయడం లాంటి పేరు లేని పనులు మాత్రం పేరు లేనివాళ్లకే వచ్చాయి.

ఈ గుణాన్ని ఇంజనీరింగ్ పుస్తకాల్లో పొజోలానిక్ గుణం అంటారు. ఇటలీలో నేపుల్స్ పక్కన పొజ్జువోలి అనే ఊరుంది. అక్కడి అగ్నిపర్వతపు బూడిదను రోమన్లు సున్నంలో కలిపి రేవులు కట్టారు. ఆ ఊరి పేరే శాస్త్రానికి పేరయింది. సుర్కీ దంచిన ఊళ్ల పేరు ఏ శాస్త్రానికీ పెట్టలేదు. అసలు సంగతి మాత్రం రెండు చోట్లా ఒకటే. బాగా కాలిన మట్టిలోని సిలికా, సున్నం, నీళ్లు కలిసినప్పుడు ఒక కొత్త బంక పుడుతుంది.

ఇంగ్లీషువాళ్ల పాలనలో ఈ తెలివి పెద్ద కట్టడాల్లోకి ఎక్కింది. 1887–1895 మధ్య కట్టిన ముల్లపెరియార్ ఆనకట్ట సున్నం సుర్కీలతో కట్టిందే. ఆ అడవిలో జ్వరాలతో, కలరాతో వందలమంది కూలీలు చనిపోయారు. 1911లో మైసూరు సంస్థానంలో మొదలైన కృష్ణరాజసాగరం కూడా సుర్కీ మాలుతోనే లేచింది. ముల్లపెరియార్ అంటే పెన్నీక్విక్ పేరు చెప్తారు, కృష్ణరాజసాగరం అంటే విశ్వేశ్వరయ్య పేరు చెప్తారు. మన గోదావరి జిల్లాల్లో ఊరూరా కాటన్ దొర విగ్రహం కనిపిస్తుంది. వాళ్ల తెలివిని మేము తక్కువ చేయడం లేదు. కాని విశ్వేశ్వరయ్య పుట్టినరోజును ఇంజనీర్ల దినంగా జరుపుకునేవాళ్లు ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. మైసూరు ప్రభుత్వోద్యోగాల్లో బ్రాహ్మణేతర కులాలకు వాటా ఇచ్చే విషయంలో ఆయన మహారాజుతో విభేదించారు, 1918లో దివాన్ పదవి వదులుకున్నారు. సుర్కీ దంచిన చేతులు ఆఫీసు కాగితం పట్టుకునే వేళ వచ్చేసరికి ‘సామర్థ్యం’ అనే మాట అడ్డమొచ్చింది. దంచేటప్పుడు ఆ సామర్థ్యాన్ని ఎవరూ పరీక్షించలేదు.

సిమెంటు మిగిల్చిన రెండు దారులు

కాల్చిన మట్టి స్థానంలోకి బొగ్గు బూడిద వచ్చింది అమెరికాలో. బొగ్గును సన్నగా పొడి చేసి మండించే బాయిలర్లు వచ్చాక, పొగలో సన్నటి బూడిద గుట్టలు గుట్టలుగా రావడం మొదలయింది. బొగ్గులో కలిసున్న మట్టి ఆ మంటలో కరిగి, చల్లారేటప్పుడు చిన్న చిన్న గాజు గుళికలవుతుంది. అంటే ఇది కూడా కాల్చిన మట్టే. మనిషి దంచాల్సిన పని లేకుండా మంట దంచిపెట్టిన సుర్కీ. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రేమండ్ డేవిస్, ఆయన సహచరులు దీన్ని కాంక్రీటులో పరీక్షించి 1937లో ఫలితాలు ప్రచురించారు. 1948–1953 మధ్య మోంటానా రాష్ట్రంలో కట్టిన హంగ్రీ హార్స్ డ్యాములో దీన్ని మొదటిసారి పెద్ద ఎత్తున వాడారు. ఆనకట్టల ఇంజనీర్లకు ఇది నచ్చడానికి కారణం ఉంది. సిమెంటు బిగిసేటప్పుడు వేడి పుడుతుంది. అంత లావు గోడలో ఆ వేడి బయటికి పోలేక లోపల పగుళ్లు వస్తాయి. సిమెంటు కొంత తగ్గించి బూడిద వేస్తే వేడి తగ్గుతుంది, ఖర్చు కూడా తగ్గుతుంది.

మన దేశంలో 1950లలో సిమెంటు కరువు సరుకు. ధర మీదా పంపిణీ మీదా ప్రభుత్వ నియంత్రణ ఉండేది. అది 1982లో కొంత, 1989లో పూర్తిగా పోయింది. ఆ కరువు రోజుల్లోనే పెద్ద ఆనకట్టలు మొదలయ్యాయి. సిమెంటు మిగిల్చాలంటే రెండు దారులున్నాయి. ఒక దారి మన నాగార్జునసాగర్‌లో కనిపిస్తుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాది వేసిన ఆ ఆనకట్టను ప్రధానంగా రాతి కట్టడంగా కట్టారు. యంత్రాలకు, సిమెంటుకు పెట్టే డబ్బు బదులు చవకగా దొరికే మనిషి కష్టాన్ని వాడారు. పాలమూరు నుంచి వచ్చిన కూలీలు, రాయి కొట్టే వడ్డెరలు, తట్ట మోసే ఆడవాళ్లు అక్కడ సిమెంటుకు బదులయ్యారు. ఈ మాట అతిశయోక్తి అనిపిస్తే ఆ గోడను ఒకసారి దగ్గర నుంచి చూడండి, ఒక్కో రాయి ఒక్కో మనిషి ఎత్తి పెట్టింది.

రెండో దారి ఉత్తరప్రదేశ్‌లోని రిహాండ్‌లో కనిపిస్తుంది. 1962 నాటికి పూర్తయిన ఆ కాంక్రీటు ఆనకట్టలో సిమెంటు స్థానంలో 15 శాతం దాకా ఫ్లై యాష్ వాడారు. మన దేశంలో బూడిద కాంక్రీటు చరిత్ర చెప్పే ప్రతివాళ్లూ రిహాండ్‌తోనే మొదలుపెడతారు. ఆ వాక్యం అక్కడితో ఆగిపోతుంది. మేము ఇంకో నాలుగు వాక్యాలు ముందుకు తీసుకెళ్తాం.

ఆ ఆనకట్ట వెనక నిలిచిన నీళ్ల కింద వేలాది కుటుంబాల ఇళ్లు, పొలాలు మునిగాయి. వాళ్లలో ఆదివాసులు, దళితులు చాలామంది. జలాశయం అంచుకు చేరి మళ్లీ గుడిసెలు వేసుకున్నవాళ్లకు కింద బొగ్గు ఉందని తేలింది. సింగ్రౌలి ప్రాంతంలో గనులొచ్చాయి, 1980ల నుంచి వరసగా థర్మల్ కేంద్రాలొచ్చాయి. ఒకసారి లేచినవాళ్లు రెండోసారి, మూడోసారి లేవాల్సి వచ్చింది. ఆ కేంద్రాల బూడిద గుంటలు అదే జలాశయం చుట్టూ వెలిశాయి. 2020 ఏప్రిల్ 10న సింగ్రౌలి జిల్లాలో ఒక థర్మల్ కేంద్రపు బూడిద కట్ట తెగి ఆరుగురు చనిపోయారు. బూడిదతో కట్టిన మొదటి ఆనకట్ట ఎవర్ని ముంచిందో, బూడిద కట్ట తెగి మళ్లీ ఆ ప్రాంతపు మనుషుల్నే ముంచింది. రిహాండ్‌తో మొదలుపెట్టేవాళ్లు ఈ చివరిదాకా కూడా చెప్పాలి.

అంబేద్కర్ అడిగిన కరెంటు

ఇక్కడ మన పాఠకుల్లో కొందరికి ఒక సందేహం రావచ్చు. అయితే కరెంటు వద్దా, ఆనకట్టలు వద్దా అని. మేము అలా అనం. అలా అనే హక్కు మనకు లేదు కూడా, ఎందుకంటే ఈ దేశంలో కరెంటును ఒక విధానంగా ఆలోచించిన తొలి వాళ్లలో అంబేద్కర్ ఒకరు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూసింది ఆయనే, నీటి పారుదల, విద్యుత్తు కూడా ఆ శాఖ కిందే ఉండేవి. 1943 అక్టోబరు 25న ప్రజా పనులు, విద్యుత్తు విధాన సంఘం ముందు మాట్లాడుతూ ఆయన, కరెంటు ఎలా తయారు చేయాలన్న ప్రశ్న కంటే అసలు ఎందుకు కావాలన్న ప్రశ్నను ముందు పెట్టారు. చవక కరెంటు లేకుండా పరిశ్రమలు రావు, పరిశ్రమలు రాకుండా జనం దరిద్రపు గుండ్రం నుంచి బయటపడలేరు అన్నది ఆయన వాదన సారాంశం. దామోదర్ లోయ పథకం ఆయన కాలంలోనే రూపు కట్టింది. 1948లో ఏర్పడ్డ దామోదర్ లోయ కార్పొరేషన్ 1953లో బొకారో థర్మల్ కేంద్రాన్ని నడపడం మొదలుపెట్టింది.

కాబట్టి మా ప్రశ్న అంబేద్కర్ వేసిన ప్రశ్నే: ఇది ఎవరి కోసం? మన దగ్గర 1889 నుంచి సింగరేణిలో బొగ్గు తవ్వుతున్నారు. 1966లో కొత్తగూడెం థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ నడిచింది. 1971లో రామగుండంలో చిన్న యూనిట్, 1979లో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో పెద్ద కేంద్రం, 1983లో రామగుండంలో ఎన్.టి.పి.సి. వచ్చాయి. మన బొగ్గులో మట్టి ఎక్కువ. కాలితే నూటికి 30 నుంచి 45 పాళ్లు బూడిదే మిగులుతుంది. లెక్క సులువు. ఒక యూనిట్ కరెంటుకు ముప్పావు కిలో దాకా బొగ్గు కాలుతుంది, పావు కిలో దాకా బూడిద మిగులుతుంది. కరెంటు తీగ పట్టుకొని నగరానికి పోతుంది. బూడిద ఎక్కడికీ పోదు.

పోదు కాబట్టి దానికి నేల కావాలి, వందల ఎకరాలు కావాలి. ఏ నేల? ప్రభుత్వం దగ్గర ముందు కనబడేది అసైన్డ్ భూమి. భూమి లేని దళితులకు, ఆదివాసులకు, వెనుకబడిన కులాలకు షరతులతో ఇచ్చిన పట్టా భూమి అది. 1977 చట్టం దాన్ని అమ్మడానికి వీల్లేదంది. అది మన రక్షణ కోసమే. కాని ‘ప్రజా ప్రయోజనం’ వచ్చినప్పుడు అదే పట్టాలోని షరతు చూపించి, ఈ భూమి అసలు నీది కాదు, ప్రభుత్వం ఇచ్చింది ప్రభుత్వం తీసుకుంటుంది అన్నారు. పక్క గట్టున ఉన్న రైతుకు పరిహారం, మనకు ఎక్స్‌గ్రేషియా. అసైన్డ్ పట్టాదారుకు కూడా సొంతదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది 2004లో. కొత్తగూడెం నుంచి 2004 దాకా 38 ఏళ్లు. ఈ మధ్యలో ఏ ప్రాజెక్టు కింద ఎంత అసైన్డ్ భూమి పోయిందో జిల్లావారీగా లెక్క తీయడం మన విద్యార్థుల ముందున్న పని. ఒక్క మండలం రికార్డు తీసినా అది మంచి పరిశోధన అవుతుంది.

రెండు రకాల బూడిద

1990ల మధ్యదాకా బూడిదను అడిగినవాడు లేడు. కేంద్ర విద్యుత్ సంస్థ లెక్క ప్రకారం 1996–97లో దేశంలో పుట్టిన ఫ్లై యాష్ సుమారు 6 కోట్ల 90 లక్షల టన్నులు. అందులో వాడుకలోకి వచ్చింది పదో వంతు కూడా లేదు. ఆ రోజుల్లోనే విశాఖపట్నంలో భానుమతీదాస్, కాళిదాస్ అనే ఇద్దరు పరిశోధకులు ఫ్లై యాష్, సున్నం, జిప్సం కలిపి కొలిమి లేకుండా ఇటుక చేసే ‘ఫాల్-జి’ పద్ధతిని జనంలోకి తెచ్చారు. చిన్న పెట్టుబడితో నడిచే పని అది. ఇటుక కథ వేరే వ్యాసం కావాలి, ఇక్కడ వదిలేస్తున్నాం.

1999 సెప్టెంబరు 14న కేంద్ర పర్యావరణ శాఖ ఒక ప్రకటన తెచ్చింది. థర్మల్ కేంద్రం చుట్టూ 50 కిలోమీటర్లలో ఇటుకలు చేసేవాళ్లు బూడిద కలపాల్సిందేనని, కేంద్రాలు బూడిదను ఉచితంగా ఇవ్వాల్సిందేనని చెప్పింది. 2003లో ఆ దూరాన్ని 100 కిలోమీటర్లకు, 2016లో 300 కిలోమీటర్లకు పెంచారు. ఈ మధ్యలో సిమెంటు కంపెనీలు మేల్కొన్నాయి. క్లింకర్ కాల్చడానికి సున్నపురాయి కావాలి, బొగ్గు కావాలి. బూడిద అప్పటికే కాలి వచ్చింది. ప్రమాణాల ప్రకారం పి.పి.సి.లో బూడిద 15 నుంచి 35 శాతం దాకా ఉండవచ్చు. బస్తాలో మూడో వంతు దాకా ఇంకొకరి పొయ్యిలో కాలిన సరుకు. పర్యావరణానికి కూడా ఇది మేలే, క్లింకర్ తగ్గినంత మేర కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. ఈ మేలును మేము కాదనం.

కాని బూడిద రెండు రకాలని గమనించాలి. పొగలోని ధూళిని విద్యుత్తుతో పట్టే యంత్రాలుంటాయి. వాటి కింద పొడిగా దొరికేది సన్నటి బూడిద. సిమెంటుకూ కాంక్రీటుకూ పనికొచ్చేది ఇదే. ప్రమాణం దీని సన్నదనాన్ని కొలుస్తుంది, కాలని బొగ్గు 5 శాతం మించకూడదంటుంది. ఇది మూతలున్న ట్యాంకర్లలో పోతుంది. బాయిలర్ అడుగున పడ్డ ముతక బూడిద, కొనేవాడు లేక మిగిలిన సన్న బూడిద నీళ్లలో కలిసి గొట్టాల గుండా బూడిద చెరువుకు పోతాయి. తడిసి ముతకతో కలిసిన ఆ బూడిదను సిమెంటువాళ్లు ముట్టుకోరు. మంచిది ట్యాంకరెక్కి పోతుంది, మిగిలింది ఊరికి మిగులుతుంది. ఎండాకాలం గాలి లేచినప్పుడు కంచంలో, బావిలో, ఆరేసిన బట్టల మీద పడేది ఈ రెండోదే. అందులో సిలికా ఉంటుంది, ఆర్సెనిక్, సీసం లాంటివి కొద్ది కొద్దిగా ఉంటాయి.

2009 నవంబరు 3 నాటి సవరణ ప్రకారం థర్మల్ కేంద్రాలు బూడిదను అమ్ముకోవచ్చు. కనీసం 20 శాతం పొడి బూడిద మాత్రం ఇటుకలవాళ్లకు ఉచితంగా ఇవ్వాలి. అమ్మగా వచ్చిన డబ్బును ప్రత్యేక ఖాతాలో పెట్టాలి. ఆ ఖాతా దేనికి? బూడిద మొత్తం వాడకంలోకి వచ్చేదాకా, బూడిద వాడకం పెంచే సౌకర్యాలకు, ప్రచారానికి. చదివి చూడండి, బూడిద డబ్బు బూడిద కోసమే. బూడిద పీల్చిన మనిషికి అందులో ఒక పద్దు లేదు. నలభై ఏళ్లు దుమ్ము తిన్న వాడకు వైద్యం, మంచినీళ్లు, చేతులు మారిన భూమికి ఏదైనా వాటా అన్న ఆలోచన ఆ కాగితం రాసినవాళ్లకు రాలేదు. 2021 డిసెంబరు 31 నాటి కొత్త ప్రకటన వాడకుండా మిగిల్చిన ప్రతి టన్నుకు వెయ్యి రూపాయల పరిహారం కట్టాలంది. పాత గుంటల్లో పేరుకున్నదాన్ని కూడా పదేళ్లలో ఖాళీ చేయాలంది. బూడిద టన్నుకు ధర కట్టారు. మనిషికి కట్టలేదు.

2021–22 నాటికి దేశంలో బూడిద సుమారు 27 కోట్ల టన్నులయింది, అందులో 96 శాతం దాకా వాడామని ప్రభుత్వ లెక్క. సిమెంటు అందులో పెద్ద వాటాల్లో ఒకటి. అదే లెక్కలో పల్లపు నేలలు నింపడం, పాత గనులు పూడ్చడం, బూడిద చెరువు కట్టనే బూడిదతో ఎత్తు చేయడం కూడా ‘వాడకం’ కిందే ఉన్నాయి. ఒక ఊరి పక్కన కట్ట ఇంకో నాలుగడుగులు లేస్తే అది ఆ ఊరికి భయం, లెక్కలో మాత్రం ప్రగతి. 2024 ఆగస్టులో కొత్తగూడెం పాత కేంద్రపు కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ కొన్ని క్షణాల్లో కూల్చేశారు. జనం ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. టవర్లు పడిపోతాయి. బూడిద గుట్టలకు అలాంటి ఒక రోజు రాదు.

స్లాబు మీద పద్నాలుగు రోజులు

ఇప్పుడు మన ఇంటికొద్దాం. బలహీన వర్గాల ఇళ్ల కోసం ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. తర్వాత పేర్లు మారుతూ పథకాలు వచ్చాయి, వాడల్లో మట్టి గోడలు పోయి సిమెంటు ఇళ్లు లేచాయి. ఇది చిన్న విషయం కాదు. పైకప్పు కింద నిటారుగా నిలబడే ఇల్లు మన తాతలకు లేదు. అయితే ఆ ఇళ్లలో చాలా వాటికి పదేళ్లు తిరక్కుండానే స్లాబు పెచ్చులూడి ఇనుము బయటపడింది. కారణం అడిగితే మూడు జవాబులొస్తాయి. మేస్త్రీ మోసం చేశాడంటారు. వాళ్లకు ఇల్లు ఉంచుకోవడం రాదంటారు. ఈ మధ్య మూడోది కూడా వినబడుతోంది, సిమెంటులో బూడిద కలుపుతున్నారు కదా అని. ఈ మూడో మాటను కొంచెం ఆగి పరిశీలించాలి.

సిమెంటు నీళ్లతో కలిసినప్పుడు బంక పుడుతుంది, దాంతోబాటు కొంత విడి సున్నం కూడా పుడుతుంది. ఆ సున్నానికి బలం లేదు. నీళ్లు ఊరినప్పుడు కరిగి బయటికొచ్చి గోడ మీద తెల్లటి చారలవుతుంది. బూడిద చేసే పని ఇక్కడే ఉంది. దానిలోని సిలికా ఆ విడి సున్నాన్ని పట్టుకుని, నీళ్ల సాయంతో మరింత బంకగా మారుస్తుంది. సందులు పూడిపోతాయి, నీళ్లు దూరడం తగ్గుతుంది, ఉప్పు నీళ్ల దగ్గర కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది. కాని ఇది నిదానంగా జరిగే పని. మొదటి వారంలో బూడిద కాంక్రీటు మామూలు కాంక్రీటు కన్నా వెనకబడి ఉంటుంది. నెల దాటాక, రెండు మూడు నెలలకు దాన్ని అందుకుంటుంది, చాలాసార్లు మించిపోతుంది. అన్నాళ్లు లోపల తేమ ఉండాలి. తేమ ఆరితే సున్నం సున్నంగానే, బూడిద బూడిదగానే ఉండిపోతాయి.

అందుకే 2000 నాటి ఐ.ఎస్. 456 ప్రమాణం మామూలు సిమెంటు కాంక్రీటుకు కనీసం 7 రోజులు నీళ్లు పట్టమంటే, బూడిద కలిసిన సిమెంటుకు కనీసం 10 రోజులు పట్టమంది, ఎండా వేడీ ఉన్నచోట 14 రోజుల దాకా పొడిగించమంది. సెంట్రింగ్ విప్పే గడువులు కూడా మామూలు సిమెంటును బట్టి రాసినవే, వేరే సిమెంటు అయితే మార్చుకోవాలని చెప్పింది. ‘బూడిదలో పోసిన పన్నీరు’ అని మనకో సామెత ఉంది. కాంక్రీటులో ఆ సామెత తలకిందులు. బూడిదలో పోసిన నీళ్లే ఇక్కడ గోడను నిలబెడతాయి.

ఆ నీళ్లు ఎక్కడివి? మేము తిరిగిన ఒక కాలనీలో స్లాబు పోసి ఆరు రోజులైన ఇంటి ముందు కూర్చున్న ముసలామెను, నీళ్లు కొడ్తున్నారా అని అడిగాం. ఆమె మా వైపు చూసి, “తాగేతందుకే బిందె నీళ్లు దొర్కుతలెవ్వు బిడ్డా, స్లాబుకు యాడికెల్లి తెచ్చి పొయ్యాలె?” అంది. మేస్త్రీ పక్కనే ఉన్నాడు, ఆయనా మన మనిషే. “సిమెంటు మంచిదే సార్, మళ్లు కట్టి నీళ్లు నిలపాలె. ట్యాంకరుకు పైసలెవరియ్యాలె? సెంట్రింగు కిరాయి రోజుకింత. ఎన్నొద్దులు ఉంచుతం?” అన్నాడు. ఆ రెండు మాటల్లో ఒక ఇంజనీరింగ్ పాఠ్యపుస్తకం ఉంది. ఇంటి అంచనాలో బస్తాల లెక్క ఉంది, ఇనుము లెక్క ఉంది, పద్నాలుగు రోజుల నీళ్ల లెక్క లేదు. సెంట్రింగు కిరాయి పెరుగుతుందని తొందరగా విప్పుతారు. స్లాబు పడితేనే బిల్లు కాబట్టి అందరికీ తొందరే. ఇల్లు పూర్తికాకముందే అప్పు వడ్డీ తిరుగుతుంటుంది. ఇంత తొందరలో బూడిదకు కావాల్సిన నిదానం ఎక్కడ దొరుకుతుంది?

అదే బస్తా నగరంలో పెద్ద అపార్ట్‌మెంటుకు పోతుంది. అక్కడ బోరుంది, మోటారుంది. నీళ్లు కొట్టడానికి పాలమూరు నుంచో ఒడిశా నుంచో వచ్చిన వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. అతని భార్య పొద్దున లేచి పైపు పట్టుకుని స్తంభాలకు చుట్టిన గోనెసంచులు తడుపుతుంది. ఆ పనికి విడిగా కూలి ఉండదు, ఉండనిచ్చిన గదిలోనే ఆ కూలి కలిసిపోతుంది. బూడిద కాంక్రీటు వందేళ్లు నిలుస్తుందని సదస్సుల్లో చెప్పే మాటలో ఆ ఆడమనిషి చెయ్యి ఉంది. ఆమె తన సొంతూళ్లో కట్టుకున్న ఇంటికి మాత్రం నీళ్లు పట్టే మనిషి లేక స్లాబు బీటలు వారుతుంది.

కాబట్టి వాడ ఇల్లు పెచ్చులూడడానికి కారణం బూడిద అనే మాట సగం నిజమైనా కాదు. కొన్నిచోట్ల ప్రమాణం దాటి బూడిద కలిపే దొంగ వ్యాపారం ఉంది, దాన్ని పట్టుకోవాలి. కాని ప్రమాణం ప్రకారం కలిపిన మంచి సిమెంటు కూడా నీళ్లు లేని వాడలో ఓడిపోతుంది. ప్రమాణం రాసినవాళ్లు ప్రతి ఇంటి ముందు నల్లా ఉంటుందనుకున్నారు. ఆ ఊహలోనే ఒక కులం ఉంది. దాన్ని ఎవరూ కావాలని పెట్టి ఉండకపోవచ్చు. తమ ఇంట్లో నీళ్లున్నవాళ్లు రాశారు కాబట్టి అది అలా వచ్చింది.

మనం అడగాల్సింది

ఈ చరిత్ర నుంచి కొన్ని పనులు తేలుతున్నాయి. ఒకటి, బూడిద అమ్మిన ఖాతాల వివరాలు ఏ కేంద్రం దగ్గరైనా సమాచార హక్కు కింద అడగవచ్చు. ఆ డబ్బులో చుట్టుపక్కల వాడల వైద్యానికి, మంచినీళ్లకు వాటా పెట్టాలని అడగాలి. రెండు, ప్రభుత్వం కట్టించే ఇళ్ల అంచనాలో పద్నాలుగు రోజుల నీళ్ల ఖర్చు, అన్నాళ్లకు సరిపడా సెంట్రింగు కిరాయి ఒక పద్దుగా రావాలి. బస్తా ఇచ్చి నీళ్లివ్వకపోవడమంటే మందు ఇచ్చి పథ్యం చెప్పకపోవడమే. మూడు, మన పిల్లల్లో సివిల్ ఇంజనీరింగ్ చదివేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్లు తమ ప్రాజెక్టులకు లాబొరేటరీలో నీళ్ల తొట్టిలో నానబెట్టిన దిమ్మలనే పరీక్షిస్తున్నారు. ఒక్కసారి తమ వాడలో మూడు రోజులు మాత్రమే తడిపిన స్లాబు నుంచి ముక్క తీసి పరీక్షించమని కోరుతున్నాం. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎంతో రాస్తే అది ఒక్క కాంక్రీటు మీద పరిశోధనగా మిగలదు.

సుర్కీ దంచినవాళ్ల పేర్లు మనం ఇక తెలుసుకోలేం. సాగర్ గోడలో రాయి పెట్టినవాళ్లలో కొందరు ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. బూడిద చెరువు కింద భూమి పోయినవాళ్ల పట్టా కాగితాలు ఇంకా ఇనుప పెట్టెల్లో ఉన్నాయి. వాళ్ల దగ్గరికి వెళ్లి రాసుకోవడానికి సమయం ఉంది, ఎక్కువ లేదు.